అమ్మ ఏండ్ల సంది నొప్పుల గోలీలు వాడుతుంది, ఇప్పుడు చెయ్యి వణుకుతుంది, గోలీల వల్లనేనా?

మర్రిగూడ_బిడ్డ:
అందరికీ నమస్తే. మా అమ్మ గురించి అడుగుదామని రాస్తున్న, జర పెద్దగుంటది, ఓపికతోని చదవండి. అమ్మ వయసు 68. మాది మర్రిగూడ మండలం, మా దిక్కు ఫ్లోరైడ్ సంగతి మీకందరికి ఎరుకే, అమ్మ పుట్టినప్పటి సంది బాయి నీళ్లు బోరు నీళ్లు తాగిన మనిషి, భగీరథ నల్లా వచ్చేసరికే నడుము, మెడ, మోకాళ్లు అన్నీ పట్టుకపోయినయ్. కింద కూసుంటే ఎవరన్న చెయ్యి పట్టి లేపాలె. అందుకని ఊర్లె ఆర్‌ఎంపీ దగ్గర నొప్పుల గోలీలు తెచ్చుకుంటది, పొద్దున ఒకటి రాత్రి ఒకటి, నాట్లప్పుడు పత్తి ఏరేటప్పుడు అయితే సూది కూడా ఏయించుకుంటది. ఇది ఇవ్వాల నిన్నటి ముచ్చట కాదు, నాకు బుద్ధి తెల్సినప్పటి సంది ఇంతే.

ఇప్పుడు కొన్ని నెలల సంది కుడి చెయ్యి వణుకుతుంది. పని చేసేటప్పుడు కాదు, ఊకె కూసుని టీవీ చూస్తుంటే ఒళ్ళో పెట్టుకున్న చెయ్యి అట్ల కదులుతనే ఉంటది. నడక కూడా నిమ్మళమైంది, మొదట్ల మోకాళ్ల నొప్పి అనుకున్నం. మొఖంల నవ్వు తగ్గింది, మా చెల్లె అయితే అమ్మ అలిగిందా అని నన్నే అడిగింది.

వాట్సాప్ గ్రూపుల ఒకటొచ్చింది, ముసలోళ్లు రోజూ పెయిన్ కిల్లర్ వాడితే పార్కిన్సన్, అంటే వణుకుడు రోగం, వస్తదని. దానికిందనే ఇంకొకలు ఐబూప్రోఫెన్ వాడితే పార్కిన్సన్ రాదని పెట్టిండ్రు. రెండు చదివినంక ఏం చెయ్యాల్నో సమజైతలేదు. గోలీలు ఒక్కసారే బంద్ చేయిస్తే అమ్మ మంచం దిగదు. ఎవరికన్న తెలిస్తే చెప్పండి.

దేవరకొండ_మెడికల్:
తమ్మి, నేను ఫార్మసిస్ట్‌ని, దేవరకొండ దిక్కు మెడికల్ షాపుల చానేండ్ల సంది చేస్తున్న. ముందుగాల ఒక్క పని చెయ్యి. అమ్మ వాడే గోలీల పట్టీలు అన్నీ, పెట్టెలవి, దిండుకిందవి, కొంగుకు కట్టుకున్నవి కూడా, మంచం మీద పరిచి వెనకదిక్కు ఉన్న మందుల పేర్లు రాయి. కంపెనీ పేరు కాదు, దానికింద సన్నగ రాసుంటది గదా, అది. ఎందుకంటే మన దిక్కు నొప్పుల గోలీ ఒక్కటే ఎవ్వరు ఇయ్యరు, కడుపుల మంట లేస్తదని గ్యాస్ గోలీ జతకు ఇస్తరు. ఆ గ్యాస్ గోలీల ఏమున్నదో నాకు కావాలె. పాంటాప్రజోల్, రాబెప్రజోల్ ఒక్కటే ఉంటే దాంతోని వణుకు రాదు. దాని పక్కన లెవోసల్పిరైడ్ అని ఉంటే మాత్రం నాకు వెంటనే చెప్పు. తల తిరుగుతుందని సిన్నరిజిన్ గాని, ఫ్లూనరిజిన్ గాని, ప్రోక్లోర్‌పెరజిన్ గాని, వాంతులకు మెటోక్లోప్రమైడ్ గాని వాడుతుందా అది కూడా చూడు.

పెయిన్ కిల్లర్ల మీద అందరు పడ్తున్నరు గాని ముసలోళ్లల్ల మందుల వల్ల వచ్చే వణుకు అంటే నాకు ఫస్ట్ యాదికొచ్చేది ఈ లిస్టే.

పాలమూరు_పోరడు:
అన్న, వాట్సాప్‌ల వచ్చిన రెండోది ఉత్తదే కాదు, నేను కూడా చదివిన, అమెరికాల పెద్ద స్టడీ అయింది, ఐబూప్రోఫెన్ వాడినోళ్లకు పార్కిన్సన్ తక్కువ వచ్చిందట. అట్లయితే అమ్మకు నొప్పుల గోలీ బంద్ చేసుడెందుకు, అదే ఐబూప్రోఫెన్ మీదికి మారిస్తే నొప్పి కూడా తగ్గుతది, రోగం కూడా రాదు గదా? నేను తప్పు మాట్లాడితే చెప్పండి, నిజంగనే అడుగుతున్న.

డాక్టరమ్మ_మహబూబ్‌నగర్:
పోరడు తమ్ముడు అడిగింది మంచి ప్రశ్న, చాలామంది ఇదే అడుగుతారు కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. నేను జనరల్ మెడిసిన్ చేశాను, న్యూరాలజిస్టును కాదు, అది ముందే చెప్తున్నా.

నువ్వు చెప్పిన స్టడీ 2011లో న్యూరాలజీ అనే జర్నల్‌లో వచ్చింది, హార్వర్డ్ వాళ్లు చేశారు. అమెరికాలో నర్సులు, మగ హెల్త్ వర్కర్లు కలిపి దాదాపు 1,36,000 మందిని ఆరేళ్లు చూశారు. ఐబూప్రోఫెన్ రెగ్యులర్‌గా వాడిన వాళ్లలో పార్కిన్సన్ వచ్చే రిస్కు 38 శాతం తక్కువ కనపడింది. ఆస్పిరిన్, పారాసిటమాల్, ఐబూప్రోఫెన్ కాకుండా మిగతా నొప్పుల మందులు, వీటిలో దేనికీ అట్లాంటి తేడా కనపడలేదు. ఇక్కడి వరకు అందరూ చెప్తారు. ఎవరూ చెప్పని సంగతి, ఆ ఆరేళ్లలో మొత్తం 1,36,000 మందిలో పార్కిన్సన్ వచ్చింది 291 మందికి. అంటే వెయ్యి మందిలో ఇద్దరికి. అందులో 38 శాతం తగ్గింది అనుకున్నా, ఆరేళ్లు రోజూ వెయ్యి మంది గోలీ మింగితే ఒక్కరికి కూడా పూర్తిగా లాభం లేదు. అదే వెయ్యి మంది 65 దాటిన వాళ్లయి అన్నేళ్లు నొప్పుల గోలీ మింగితే కడుపులో పుండ్లు పడి రక్తం పోయేవాళ్లు, బీపీ పెరిగేవాళ్లు, కిడ్నీ దెబ్బతినేవాళ్లు అంతకంటే ఎక్కువమందే ఉంటారు.

ఇంకోటి, అదే 2011లో యూకేలో ఫ్యామిలీ డాక్టర్ల రికార్డులు తీసి చూసిన స్టడీలో నొప్పుల మందులకూ పార్కిన్సన్‌కూ సంబంధమే కనపడలేదు. 2003, 2005లలో అమెరికాలో వచ్చినవి మళ్లీ తక్కువ అని చూపించాయి. వైద్య స్టడీలన్నీ కలిపి చూసే కాక్రేన్ అనే సంస్థ వాళ్లు 2011లో ఉన్నవన్నీ కలిపి చూసి, పార్కిన్సన్ రాకుండా ఉండడానికి ఈ మందులు వాడమని చెప్పేంత ఆధారం లేదన్నారు. ఇవన్నీ జనం వాడుతుంటే పక్కన ఉండి చూసిన స్టడీలు, కొందరికి ఇచ్చి కొందరికి ఇవ్వకుండా పోల్చి చూసినవి కావు. ఐబూప్రోఫెన్ వాడేవాళ్లకూ వాడనివాళ్లకూ మధ్య ఇంకా వంద తేడాలు ఉండొచ్చు. కాబట్టి రోగం రాకుండా ఐబూప్రోఫెన్ మింగడం వద్దు, అమ్మలాంటి మనిషికి అసలే వద్దు. పైగా లక్షణాలు మొదలైన తర్వాత ఐబూప్రోఫెన్ వేస్తే రోగం ఆగుతుందని ఎక్కడా లేదు.

మరి మొదటి మెసేజ్, పెయిన్ కిల్లర్ వల్లనే పార్కిన్సన్ వస్తుందని. దానికి కూడా ఆధారం లేదు. కానీ అట్లా ఎందుకు అనిపిస్తుందో చెప్తాను. పార్కిన్సన్ వణుకుతో మొదలు కాదు. మెదడులో, కదలికలను నడిపించే డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు సగానికి సగం పోయేదాకా వణుకు బయటపడదు. దానికి ముందే కొన్నేళ్ల పాటు మలబద్ధకం, వాసన తెలియకపోవడం, నిద్రలో అరవడం, చేతులు కాళ్లు విసరడం, ఇవి నడుస్తుంటాయి. ఇంకొకటి ఎవరూ పట్టించుకోనిది భుజం నొప్పి. ఒకవైపు భుజం పట్టేసిందని ఎముకల డాక్టర్ దగ్గరికి పోయి నొప్పుల గోలీలు వాడి, ఆ తర్వాత అదే వైపు చెయ్యి వణకడం మొదలైనవాళ్లను నేనే చూశాను. ఇంట్లోవాళ్లు ఏమంటారు, గోలీలు వాడింది కాబట్టి వణుకు వచ్చింది అంటారు. నిజానికి రోగం ముందే మొదలైంది, ఆ నొప్పి దాని మొదటి గుర్తు, గోలీ ఆ నొప్పికి వేసుకున్నది. ముందు వచ్చింది ఏదో వెనక వచ్చింది ఏదో తారుమారు అవుతుంది.

బిడ్డ, మీ అమ్మకు వణుకు వచ్చిన కుడి చేతి భుజం అంతకుముందు నొప్పి పుట్టిందా? మలబద్ధకం ఎన్నేళ్ల నుంచి ఉంది? అడిగి రాయి.

మర్రిగూడ_బిడ్డ:
డాక్టరమ్మ, మెడికల్ అన్న, ఇద్దరికి చాన థ్యాంక్స్. పట్టీలు అన్నీ తీసి చూసిన. నొప్పులకు అసిక్లోఫెనాక్ ప్లస్ పారాసిటమాల్ ఉన్నది. గ్యాస్ గోలీ వెనక రాబెప్రజోల్, లెవోసల్పిరైడ్ అనే రాసున్నది. ఏడాది పైన్నే వాడుతుంది, పరగడుపున ఒకటి. బీపీకి టెల్మిసార్టాన్ ఉన్నది, దాంట్ల ఇంకోటి కూడ కలిసున్నది, హైడ్రోక్లోరోథయజైడ్ అని. తల తిరుగుడుకు ఏం లేదు.

భుజం అడిగిన. కుడి భుజం పోయినేడే పట్టుకున్నదట, చీర కొంగు ఎనకకు వేసుకునేటప్పుడు చెయ్యి లేవకపోయేదట, ఫ్లోరైడ్ నొప్పే అనుకుని మాకు చెప్పలే. మలబద్ధకం మాత్రం చానేండ్ల సంది. ఇప్పుడు నాకు ఇంకింత గాబరైతుంది, గోలీదా రోగమా?

దేవరకొండ_మెడికల్:
గాబరా పడకు తమ్మి. లెవోసల్పిరైడ్ ఉన్నదంటే ముందు దాని సంగతి తేలాలె. ఈ మందు మెదడుల డోపమైన్ పనిని అడ్డుకుంటది, అందుకనే పెద్దోళ్లల్ల అచ్చం పార్కిన్సన్ లెక్కనే వణుకు, నిమ్మళం, మొఖం బిగుసుకపోవుడు వస్తయ్. బంద్ చేసినంక చాలామందికి కొన్ని వారాలల్ల నుంచి కొన్ని నెలలల్ల తగ్గుతది. తగ్గకపోతేనే లోపల అసలు రోగం ఉండి ఈ గోలీ దాన్ని ముందుగాల బయటపెట్టిందని అనుకోవాలె. మందు వల్ల వచ్చింది మామూలుగ రెండు చేతులకు ఒక్కతీరుగ ఉంటది, రోగం అయితే ఒక దిక్కు మొదలయితది అంటరు, గాని ఇది ఖాయం కాదు, మందుతోని వచ్చింది కూడా ఒక్క దిక్కే ఉన్నోళ్లు ఉన్నరు. మెటోక్లోప్రమైడ్‌కు యూరప్‌ల 2013లనే అయిదు రోజులకంటే ఎక్కువ వాడొద్దని రూల్ పెట్టిండ్రు, కారణం ఇసువంటి సైడ్ ఎఫెక్ట్సే. మన దగ్గర గ్యాస్ గోలీ అంటే నెలకు సరిపడ పట్టీలు కొనుక్కపోతరు, ఎవరు ఆపరు, మస్తు బాధైతది. నా కౌంటర్ మీద నేను అడుగుత, కడుపు ఉబ్బరం ఎన్ని రోజుల సంది, ఎవరు రాసిండ్రు అని, కొందరు కోపంజేస్తరు, అయినా అడుగుడు మానలే.

అట్లని నువ్వే ఇంట్ల ఆపెయ్యకు, చీటి పట్టుకుని పెద్ద డాక్టర్ దగ్గరికి పో. ఆర్‌ఎంపీ కాదు. నొప్పుల గోలీ, సూది జోలికి మాత్రం డాక్టర్ చూసేదాకా పోనియ్యకు, పారాసిటమాల్ ఒక్కటే ఇయ్యి, అసిక్లోఫెనాక్ కలిసిన గోలీతోని కలిపి మాత్రం ఇయ్యకు, దాంట్ల కూడా పారాసిటమాల్ ఉన్నది, రెండింతలైతది.

డాక్టరమ్మ_మహబూబ్‌నగర్:
ఫార్మసిస్టు చెప్పింది అక్షరాలా నిజం. నేను ఇంకోదానికి భయపడుతున్నా, అది వణుకు కంటే తొందరగా ప్రాణం మీదికి వస్తుంది. టెల్మిసార్టాన్, అందులో కలిసిన నీరు తీసే మందు హైడ్రోక్లోరోథయజైడ్, దాని మీద రోజూ అసిక్లోఫెనాక్, ఈ మూడు కలిస్తే కిడ్నీ మీద పడే దెబ్బ చాలా పెద్దది. ఎండాకాలం నల్లగొండ ఎండలకు చెమట పోసి నీళ్లు సరిగా తాగకపోతే ఒకటి రెండు రోజుల్లో కిడ్నీ ఆగిపోయిన కేసులు వస్తాయి. మీ దిక్కు మనుషులకు ఇంకో కారణం ఉంది. ఒంట్లోకి పోయిన ఫ్లోరైడ్‌ను బయటికి పంపేది కిడ్నీయే. కిడ్నీ మందగిస్తే ఫ్లోరైడ్ ఇంకా ఎముకల్లో పేరుకుంటుంది, నొప్పి పెరుగుతుంది, గోలీలు పెరుగుతాయి. ఫ్లోరైడ్ నొప్పులున్న ఊర్లలో ఈ గోలీల మీద ఎవరూ గట్టిగా మాట్లాడకపోవడం నాకు ఎప్పుడూ బాధే. నీళ్లు మారినా ముసలివాళ్ల ఎముకల్లో పట్టింది వెనక్కి రాదు, వాళ్లకు నొప్పి తగ్గించే దారి చూపించాల్సిన బాధ్యత అందరిదీ.

కాబట్టి ఈ వారంలోనే కిడ్నీ ఎట్లా పనిచేస్తుందో చెప్పే క్రియాటినిన్, పొటాషియం, హిమోగ్లోబిన్, థైరాయిడ్, బీ12 చేయించు. రక్తం తగ్గిందంటే కడుపులో కారుతుందేమో చూడాలి, మలం నల్లగా వస్తుందా అని అమ్మను విడిగా అడుగు, సిగ్గుపడి చెప్పరు.

న్యూరాలజిస్టుకు చూపిస్తే ఫ్లోరైడ్ సంగతి తప్పకుండా చెప్పు. ఫ్లోరైడ్‌తో వెన్నుపూస పెరిగి నరం నొక్కుకుంటే కాళ్లు బిగుసుకుంటాయి, తిమ్మిర్లు వస్తాయి, నడక మారుతుంది. చూసేవాళ్లకు పార్కిన్సన్ నడక లాగే కనిపించొచ్చు. కానీ ఊరికే ఉన్న చెయ్యి వణకడం, మొఖంలో కదలిక తగ్గడం ఫ్లోరైడ్‌తో రావు. అందుకే రెండూ ఉన్నాయేమో విడివిడిగా చూడాలి. అవసరమైతే ట్రోడాట్ అని స్కాన్ ఉంటుంది, మందు వల్ల వచ్చిన వణుకైతే అది నార్మల్‌గా వస్తుంది, పార్కిన్సన్ అయితే రాదు. అందరికీ అక్కర్లేదు, డాక్టర్ చెప్తేనే. గుండెకు ఆస్పిరిన్ ఎవరైనా వాడుతుంటే ఇదంతా చదివి దాన్ని ఆపేయకండి, అది వేరే లెక్క.

మిర్యాలగూడ_అక్క:
తమ్ముడూ, మా నాయనకు పార్కిన్సన్. నీ పోస్ట్ చదివితే మా ఇంటి ముచ్చటే అనిపించింది, అందుకే రాస్తున్నా. మాకు కూడా మొదట భుజమే. నాయన సంతకం చిన్నగైపోయింది, బ్యాంకుల సంతకం కలుస్తలేదని వాపస్ పంపిండ్రు, అప్పుడు గాని మాకు అనుమానం రాలే. మీ అమ్మ సంతకం చేస్తదా, ఏదన్న రాస్తదా, ఉంటే పాతది కొత్తది పక్కపక్కన పెట్టి చూడు. హైదరాబాద్‌ల నిమ్స్‌ల చూపించినం, అక్కడి డాక్టర్ కూసోబెట్టి బొటనవేలు చూపుడువేలు కొట్టించి, నడిపించి, చెయ్యి వంచి చూసి చెప్పిండు, ఏ రక్తపరీక్షతోనూ కాదు. లెవోడోపా గోలీ మొదలుపెట్టినంక బొత్తాలు తనే పెట్టుకుంటున్నడు, చాయ్ గ్లాసు తనే పట్టుకుంటున్నడు. ఈ పేరు వింటేనే అంతా అయిపోయిందనుకోకు, మస్తు ఏండ్లు మంచిగ ఉండొచ్చు.

ఒక్కటి అడగాలె. మీ అమ్మ పత్తికి మందు కొట్టేదా, లేకపోతే మందు కొట్టినంక తడి చేన్ల కలుపు తీసేదా? మా నాయన చేతులకు ఏం తొడుక్కోకుండ గడ్డిమందు కలిపేటోడు. అమెరికాల 2011ల రైతుల మీద చేసిన స్టడీల పారాక్వాట్ అనే గడ్డిమందు, రోటెనోన్ అనే పురుగుమందు వాడినోళ్లకు పార్కిన్సన్ దాదాపు రెండున్నర రెట్లు ఎక్కువ కనపడ్డదని మా డాక్టరే చెప్పిండు. నొప్పుల గోలీ మీద గంటలు గంటలు వాదిస్తరు, గడ్డిమందు డబ్బా ఇంట్ల బియ్యం బస్తా పక్కన పెడ్తరు. మీ ఇంట్ల ఇంకా ఎవరన్న కొడుతుంటే చేతులకు, మొఖానికి ఏమన్న కట్టుకోమని చెప్పు, నాకైతే కడుపు మండుతది.

పాలమూరు_పోరడు:
అక్క చెప్పింది చదివి మా బాపుకు ఇప్పుడే ఫోన్ చేసిన, గ్లౌజులు కొనుక్కొస్త. డాక్టరమ్మ, ఆ వెయ్యి మందిల ఇద్దరు అన్న లెక్క చెప్పినందుకు థ్యాంక్స్, అట్ల ఎవ్వరు చెప్పలే.

మర్రిగూడ_బిడ్డ:
అందరికి మళ్లీ. నల్లగొండల పెద్ద డాక్టర్‌కు చూపించిన, అన్ని పట్టీలు ఆయన టేబుల్ మీద పెట్టిన. లెవోసల్పిరైడ్ అక్కడికక్కడ బంద్ చేసిండు, పాంటాప్రజోల్ ఒక్కటి కొన్నాళ్లు వాడమన్నడు. అసిక్లోఫెనాక్ కూడా బంద్. క్రియాటినిన్ కొంచెం ఎక్కువ వచ్చింది, మళ్లీ చేయించాలన్నడు, బీపీ గోలీల నీరు తీసేది తీసేసి మార్చిండు. పార్కిన్సన్ అని ఇప్పుడే పేరు పెట్టను, మూడు నెలలైనంక మళ్లీ చూస్త, అప్పటికి వణుకు తగ్గకపోతే న్యూరాలజీకి రాస్త అన్నడు. మందు కొట్టుడు సంగతి అడిగిన అక్కా, అమ్మ కొట్టలే, గాని కొట్టిన చేన్ల కలుపుకు పోయేది, నీళ్లు కూడా అక్కడనే తాగేది.

ఒక్కటే కష్టం. పారాసిటమాల్‌తోని నొప్పి పూర్తిగ తగ్గుతలేదు, రాత్రి ఏడుస్తది. పక్కింటోళ్లు ట్రమడాల్ అని గట్టి నొప్పుల గోలీ తెచ్చిచ్చిండ్రు, ఇయ్యాల్నా వద్దా?

డాక్టరమ్మ_మహబూబ్‌నగర్:
ట్రమడాల్ ఎవరో తెచ్చింది ఇవ్వొద్దు. ఈ వయసులో తల తిరిగి పడిపోతారు, మలబద్ధకం ఇంకా పెరుగుతుంది, మతి తప్పుతుంది. ఒకవేళ రేపు పార్కిన్సన్ అని తేలి సెలిజిలిన్, రసాజిలిన్ లాంటివి మొదలుపెడితే ట్రమడాల్‌తో కలిస్తే ప్రమాదం. పారాసిటమాల్ నొప్పి లేచాక కాకుండా టైము ప్రకారం ఇవ్వు, డాక్టర్‌ను అడిగి 650 పూటకొకటి చొప్పున రోజుకు మూడు, పెద్దవాళ్లలో రోజు మొత్తం 3 గ్రాములు దాటొద్దు, లివర్ ఇబ్బంది, కల్లు, సారా అలవాటు ఉంటే ఇంకా తక్కువ. మోకాలికి రాసే డైక్లోఫెనాక్ జెల్ గోలీ కంటే చాలా తక్కువ ఒంట్లోకి పోతుంది, కానీ క్రియాటినిన్ ఎక్కువ ఉంది కాబట్టి అది కూడా మీ డాక్టర్‌ను అడిగాకే. వేడినీళ్ల కాపడం మంచిది, చర్మం కాలకుండా చూడండి. ఫిజియోథెరపీ నల్లగొండ పెద్దాసుపత్రిలో అడుగు, మోకాలు, భుజం రెండింటికీ. మంచం పక్కన పట్టుకోవడానికి కట్టె, బాత్రూంలో జారని చాప పెట్టించు.

దేవరకొండ_మెడికల్:
తమ్మి, ఇంకో మాట. లెవోసల్పిరైడ్ వేరే పేరుతోని మళ్లీ ఇంట్లకు రాకుండ చూడు, కంపెనీకో పేరు ఉంటది, ఆర్‌ఎంపీ దగ్గరికి అమ్మ ఒక్కతే పోతే మళ్లీ అదే ఇస్తడు. ఒక కాగితం మీద తెలుగుల ఈ మందు ఇయ్యొద్దు అని రాసి, లెవోసల్పిరైడ్, మెటోక్లోప్రమైడ్, ప్రోక్లోర్‌పెరజిన్, సిన్నరిజిన్, ఫ్లూనరిజిన్ అయిదు పేర్లు పెట్టి, అమ్మ ఆధార్ కార్డు కవర్ల పెట్టు. నాకు మెసేజ్ చేస్తే ఇంగ్లీషు పేర్లు కూడా సరిగ్గ రాసి ఫోటో పంపుత.